ఇంటి పన్ను బకాయి నోటీసు వచ్చిందా? డబ్బు కట్టే ముందు డీసీబీ (పన్ను లెక్కల పత్రం) తీయించండి

నాలుగైదేళ్లుగా ఇంటి పన్ను కట్టలేదు, ఇప్పుడు గేటుకు నోటీసు అంటించి పోయారు, ఏం చేయాలి అంటూ తిరుపతిలో మా వీధిలోనే ఏటా ఇద్దరు ముగ్గురు నా దగ్గరికి వస్తుంటారు. మా ఇంటిది, మా మామగారింటిది, బెంగళూరులోనో చెన్నైలోనో ఉంటూ ఇక్కడి ఇల్లు అద్దెకిచ్చిన చుట్టాలది, అన్నీ నేనే చూస్తాను కాబట్టి ఈ పని నాకు బాగా అలవాటు. నోటీసు చూడగానే కొందరు భయపడి బంగారం కుదువ పెట్టి ఆ మొత్తం కట్టేస్తారు. ఇంకొందరు ఇంత ఎలా వేస్తారని కోపం తెచ్చుకుని ఇంకో రెండేళ్లు గమ్మున కూర్చుంటారు. రెండూ నష్టమే.

ముందు కాగితాలు. అసెస్‌మెంట్ నంబరు (పన్ను లెక్కల్లో మీ ఇంటికి ఇచ్చిన నంబరు), దస్తావేజు జిరాక్సు, ఆధార్, ఇంట్లో దొరికిన పాత రసీదులన్నీ, ఒక నోటుబుక్కు. అసెస్‌మెంట్ నంబరు తెలియకపోతే వార్డు సచివాలయంలో డోర్ నంబరు, యజమాని పేరు చెప్పండి, తీసిస్తారు. మీ ఇల్లు కార్పొరేషన్‌లోకి వస్తుందో పంచాయతీలోకి వస్తుందో కూడా తేల్చుకోండి, ఊరి అంచుల్లో చాలామంది ఇక్కడే తికమకపడతారు. నేను చెప్పేది తిరుపతి, చిత్తూరు కార్పొరేషన్ల లాంటి చోట్ల పన్ను గురించి, పంచాయతీ పన్ను లెక్క వేరు.

ఇంకో మాట. అమెరికాలో పన్ను బకాయిని బయటివాళ్లకు అమ్మేస్తారు, కొన్నవాళ్లు చివరికి ఇల్లే లాక్కుంటారు అని వీడియోలు చూసి టెన్షన్ పడేవాళ్లు ఎక్కువయ్యారు. అక్కడ కొన్ని రాష్ట్రాల్లో ఆ పద్ధతి ఉంది, మన దగ్గర లేదు. కానీ మన చట్టంలో కూడా పన్ను బకాయి ఆ ఆస్తి మీద భారంగా నిలుస్తుంది, జప్తు వారంటు ఇచ్చి ఇంట్లో సామాను పట్టుకుపోయే అధికారం కూడా ఉంది. ఈ భారం ఈసీలో, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో, కనపడదు. అందుకే పాత ఇల్లు కొనేవాళ్లు ఈసీ శుభ్రంగా ఉందని మురిసిపోయి, రిజిస్ట్రేషన్ అయ్యాక పాత యజమాని బకాయి నెత్తిన వేసుకుంటారు. కొనేటప్పుడు ఈసీతో పాటు పన్ను బాకీ లేదని కాగితం కూడా అడగండి.

ఇక అసలు పని. సచివాలయంలోనో కార్పొరేషన్ రెవెన్యూ విభాగంలోనో మీ అసెస్‌మెంట్‌కు డీసీబీ ప్రింటు అడగండి. డిమాండు, కలెక్షన్, బ్యాలెన్స్ అని మూడు వరుసలు ఉంటాయి, ఏ అర్ధ సంవత్సరానికి ఎంత వేశారు, ఎంత కట్టారు, ఎంత మిగిలింది అన్నది అందులో తెలుస్తుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒక అర్ధం, అక్టోబరు నుంచి మార్చి ఇంకొకటి. ఇది చేతిలో పడేదాకా ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. మొత్తం ఎంతో కంప్యూటర్‌లో చూసి చెబుతాం అంటే ఒప్పుకోకండి, ప్రింటు కావాలని నిలబడండి.

ప్రింటు ఇంటికి తెచ్చుకుని నిదానంగా చదవండి, కౌంటర్ దగ్గర నిలబడి చదివితే ఏదీ పట్టుకోలేరు. నోటుబుక్కులో ఒక్కో అర్ధ సంవత్సరానికి ఒక్కో గీత గీసి, పక్కన పన్ను, 8 శాతం లైబ్రరీ సెస్, పెనాల్టీ ఉంటే అది, వడ్డీ విడివిడిగా రాయండి. వడ్డీ నెలకు 2 శాతం, బారువడ్డీ, అంటే వడ్డీ మీద వడ్డీ ఉండకూడదు. 1,500 రూపాయల పన్ను మూడేళ్లు ఆగిపోతే దాని మీద వడ్డీయే 1,080 అవుతుంది, నాలుగేళ్ల రెండు నెలలకు వడ్డీ అసలుతో సమానం. మీరు వేసిన లెక్కకు, ప్రింటులో ఉన్నదానికి పెద్ద తేడా ఉంటే అక్కడ ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి.

తర్వాత మీ రసీదులు ఒక్కొక్కటీ తీసి కలెక్షన్ వరుసతో సరిచూడండి. కట్టినా జమ కానిది ఒకటైనా దొరకొచ్చు, ముఖ్యంగా డోర్ నంబరో అసెస్‌మెంట్ నంబరో మారిన ఏడాదిలో. ఆ తర్వాత పన్ను ఏ ఏడాది ఒక్కసారిగా ఎగిరిందో వెతకండి. 2021 ఏప్రిల్ నుంచి అద్దె విలువ లెక్క పోయి ఆస్తి మూలధన విలువ (స్థలం, కట్టడం ఎంత ఖరీదు చేస్తాయో) లెక్క వచ్చింది, అప్పుడే ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదని హద్దు కూడా పెట్టారు. మీరు కొత్త అంతస్తు వేయలేదు, వాడకం మార్చలేదు, అయినా అంతకు మించి పెరిగిందంటే ఎందుకో అడగాల్సిందే. వాడకం గురించి తిరుపతిలో మరీ జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే కొండకు వచ్చే యాత్రికులకు గదులు రోజు అద్దెకు ఇచ్చిన ఇళ్లకు నివాసేతర రేటు పడుతుంది, అది నివాసపు రేటు కంటే చాలా ఎక్కువ. ఆ వ్యాపారం మానేసి కుటుంబానికి అద్దెకిచ్చినా, మీరు అర్జీ పెట్టి మార్పించుకోకపోతే పాత రేటే నడుస్తుంది.

అన్నిటికంటే ఎక్కువగా మోసపోయేది ఖాళీ స్థలం పన్ను దగ్గర. స్థలం కొన్నప్పుడు దాని మీద ఒక అసెస్‌మెంట్ ఉంటుంది, ఇల్లు కట్టాక ఇంటికి ఇంకొకటి తెరుస్తారు, పాతది మూసేయడం మర్చిపోతారు. మా మామగారికి ఇదే జరిగింది. ఇల్లు కట్టి ఐదేళ్లయినా స్థలం పన్ను నడుస్తూనే ఉంది, ఆయన నోటీసు చూసి కంగారుపడి రెండూ కట్టేశారు, దాన్ని సరిచేయించడానికి మేం పద్నాలుగు నెలలు తిరిగాం, చివరికి డబ్బు చేతికి రాలేదు, తర్వాతి పన్నుల్లో సర్దారు. అందుకే చెబుతున్నా, ఒకే స్థలం మీద రెండు అసెస్‌మెంట్లు ఉన్నాయా అని మీరే నోరు తెరిచి అడగండి.

ఇప్పుడు నోటుబుక్కులో రెండు మొత్తాలు తేలతాయి, మీరు ఒప్పుకునేది, ఒప్పుకోనిది. ఒప్పుకున్నది అదే వారం కట్టేయండి. అర్జీ పెట్టాం కదా, తేలాక మొత్తం ఒకేసారి కడదాం అని ఆగేవాళ్లకు నెలనెలా 2 శాతం పెరుగుతూనే ఉంటుంది. ఒప్పుకోని దానికి అర్జీ రాయండి, ఒక పేజీ చాలు, ఏ అర్ధ సంవత్సరంలో ఏ తప్పు అన్నది రాసి రసీదు జిరాక్సులు జతచేసి, రెండో కాపీ మీద ఇన్‌వార్డ్ నంబరు (అర్జీ అందినట్టు ఆఫీసులో వేసే నంబరు), ముద్ర వేయించుకోండి. నోటీసులో అభ్యంతరానికి గడువు రాసి ఉంటే దాన్ని దాటనివ్వద్దు. కదలకపోతే సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఆ ఇన్‌వార్డ్ నంబరుతో సహా ఇవ్వండి.

కట్టడం ఆన్‌లైన్‌లోనో సచివాలయంలోనో, మీ ఇష్టం. నేనైతే ఆన్‌లైన్‌లోనే కడతాను, రసీదు పోయే భయం ఉండదు. ఎవరి చేతికీ నగదు ఇవ్వొద్దు, తెలిసినవాడు తగ్గించి సర్దేస్తాడు అన్నా ఇవ్వొద్దు. వడ్డీ మాఫీ వస్తుందని ఏళ్లు ఆగడం కూడా మంచిది కాదు. 2025 మార్చిలో బకాయి ఏకమొత్తంగా కడితే వడ్డీలో 50 శాతం తగ్గించారు, నిజమే, కానీ అది ఎప్పుడొస్తుందో ముందు ఎవరికీ తెలియదు. వచ్చినప్పుడు వాడుకోవాలంటే లెక్క అప్పటికే తేలి ఉండాలి.

అద్దెకిచ్చిన ఇల్లయితే, మీరు కట్టిన మునిసిపల్ పన్నును కట్టిన ఏడాది ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలో అద్దె ఆదాయం నుంచి తీసేయొచ్చు, పాత ఏళ్ల బకాయి అయినా సరే. రసీదు ఆడిటర్‌కు ఇవ్వండి.

కట్టిన పది రోజులకు మళ్లీ డీసీబీ తీసి బ్యాలెన్స్ సున్నా అయిందో, అర్జీలో ఉన్నది మాత్రమే మిగిలిందో చూడండి. ఇల్లు ఇంకా తాతగారి పేరు మీదే ఉంటే పేరు మార్పుకు అప్పుడే పెట్టండి, బకాయి ఉన్నంతకాలం ఆ ఫైలు కదలదు. ఇకనుంచి ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30 లోపు కడితే 5 శాతం తగ్గుతుంది, ఉగాది ఖర్చుల పక్కనే ఆ డబ్బు కూడా తీసిపెట్టుకోండి.