పాత యాట్ కొనేముందు బిల్జ్‌లో చెయ్యి పెట్టి చూడండి

సెకండ్‌హ్యాండ్ సెయిలింగ్ యాట్ చూడ్డానికి వెళ్లి దాదాపు అందరం ఒకటే తప్పు చేస్తాం. నేరుగా క్యాబిన్‌లోకి దిగుతాం, కుషన్ మీద కూర్చుంటాం, కిటికీలోంచి నీళ్లు చూస్తూ ఊహల్లోకి వెళ్లిపోతాం. బేరం చెడేది అక్కడే. కుషన్లు, కర్టెన్లు, పైన మెరిసే రంగు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. నీళ్లు లోపలికి ఎటునుంచి రావచ్చు, మాస్ట్ (తెరచాప కట్టే స్తంభం) ఎందుకు కూలొచ్చు, కీల్ (పడవ అడుగున కిందికి దిగి ఉండే బరువైన భాగం) ఎందుకు ఊడొచ్చు, ముందు తేల్చుకోవాల్సినవి ఇవి. మొదటి గంట వీటికే ఇవ్వండి. కుషన్ల సంగతి ఆ తర్వాత.

అంతకంటే ముందు, మీరు నిజంగా ఎంత దూరం వెళ్తారో నిజాయితీగా చెప్పుకోండి. తీరం కనబడుతుండగా వెళ్లి సాయంత్రానికి రేవు చేరే పడవ వేరు, మూడు నాలుగు రాత్రులు నడిసముద్రంలో గడపాల్సిన పడవ వేరు. యూరప్‌లో 1998 నుంచి కొత్త పడవలకు ఎ, బి, సి, డి అని తరగతులు ఇస్తున్నారు. గాలి బలాన్ని కొలిచే బ్యూఫోర్ట్ స్కేలు మీద 6 వరకు గాలి, 2 మీటర్ల వరకు అలలు ఉంటే సి తరగతి సరిపోతుంది. గాలి 8, అలలు 4 మీటర్ల వరకు అయితే బి. అంతకు మించితే ఎ. అయితే పడవకు బిగించిన ఆ తరగతి ప్లేటు చెప్పేది పడవ పుట్టిననాటి సంగతి. ఇరవై ఏళ్లు ఎండలో, ఉప్పులో నానాక ఎలా ఉందో అది చెప్పదు. 1998కి ముందు కట్టినవాటికి సాధారణంగా ప్లేటే ఉండదు, అంతమాత్రాన అవి చెడ్డవీ కావు.

పక్కకు ఒరిగిన పడవ మళ్లీ లేస్తుందా అన్నది పెద్ద ప్రశ్న. 1979లో బ్రిటన్ దగ్గర జరిగిన ఫాస్ట్‌నెట్ యాట్ రేసులో 303 పడవలు బయల్దేరితే తుపానులో 15 మంది పోటీదారులు చనిపోయారు. సిబ్బంది వదిలేసిన పడవలు 24. వాటిలో మునిగినవి 5 మాత్రమే, మిగతావి తర్వాత తేలుతూ దొరికాయి. అంటే తేలితే చాలదు, బోల్తా పడ్డాక తిరిగి లేవాలి. అందుకే వెడల్పు చూసి మురిసిపోకండి. వెడల్పు పడవ రేవులో ఇల్లులా ఉంటుంది, కానీ ఒకసారి తలకిందులైతే అలాగే ఉండిపోవడానికి మొగ్గు చూపుతుంది. ఏ కోణం దాటితే పడవ తిరిగి లేవదో తయారీ కాగితాల్లో దొరికితే చూడండి. నడిసముద్రానికి 120 డిగ్రీలు ఉండాలని చాలామంది అంటారు. కాగితాలు లేకపోతే ఒక మోటు లెక్క ఉంది: బరువును పౌండ్లలో తీసుకుని 64తో భాగించి, దాని ఘనమూలంతో వెడల్పు అడుగులను భాగించాలి. 10,000 పౌండ్ల బరువు, 10 అడుగుల వెడల్పు ఉన్న పడవకు 1.86 వస్తుంది. 2 కంటే తక్కువ ఉంటే మంచిది. బరువు పైన ఉందో కింద ఉందో ఈ లెక్కకు తెలియదు కాబట్టి దీన్నే పట్టుకుని వేలాడొద్దు.

ఇక కీల్. 2014 మేలో ఆంటిగ్వా నుంచి సౌతాంప్టన్ వెళ్తున్న చీకీ రఫీకీ అనే 40 అడుగుల యాట్ అట్లాంటిక్‌లో కీల్ ఊడి బోల్తా పడింది. నలుగురిలో ఒక్కరూ బతకలేదు. లైఫ్‌రాఫ్ట్ (ప్రమాదంలో ఎక్కే గాలి తెప్ప) పెట్టినచోటే ఉండిపోయింది. అంతకుముందు నేలకు తగిలిన దెబ్బలు, ఆ తర్వాత చేసిన రిపేర్లు కలిసి కీల్ పట్టును బలహీనపరచి ఉండొచ్చని బ్రిటిష్ దర్యాప్తులో తేలింది. కాబట్టి "ఎప్పుడైనా నేలకు తగిలిందా?" అని సూటిగా అడగండి. జవాబు ఏదైనా సరే, ఫ్లోర్ పలకలు ఎత్తి చూడండి. బండకు కొట్టుకున్నప్పుడు కీల్ వెనక అంచు పైకి పొడుస్తుంది, ముందు అంచు కిందికి లాగుతుంది. అందుకే వెనక చివర దగ్గర అడ్డపట్టీలలో పగుళ్లు వెతకాలి. పడవంతా పాతగా ఉండి ఆ ఒక్కచోట మాత్రం కొత్త రంగు వేసి ఉంటే నాకు అనుమానమే. బిల్జ్‌లో, అంటే ఆ పలకల కింద పడవ అట్టడుగు గుంటలో, నీళ్లుంటే వేలు ముంచి నాలుకకు తాకించండి, నూనె తేలకపోతేనే సుమా. ఉప్పగా ఉంటే సముద్రం లోపలికొస్తోంది. చప్పగా ఉంటే వాన నీరో, ట్యాంకు లీకో.

డెక్ గురించి నా అనుభవం ఒకటి చెప్తాను. ఒక 28 అడుగుల పడవ నాకు తెగ నచ్చేసింది. యజమాని కూడా మంచి మనిషి. ఆయన్ని అడిగే, స్క్రూడ్రైవర్ పిడితో డెక్ తడుతూ ముందుకెళ్లాను. టక్, టక్, టక్. మాస్ట్ మొదలు దగ్గరికి వచ్చేసరికి చప్పుడు దబ్‌మంది, తడిసిన అట్టపెట్టెను కొట్టినట్టు. అలా దబ్‌మన్నచోటు అంచు వెంట సుద్దముక్కతో గీస్తూ పోయాను. గీత చుట్టు తిరిగి కలిసేసరికి మధ్యలో ఇద్దరు పడుకునేంత జాగా! రైలింగ్ బోల్టు ఒకటి విప్పితే టీ డికాక్షన్ రంగు నీళ్లు కారాయి. రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య ఉండే బాల్సా చెక్క కుళ్లిపోయింది. పాపం ఆయనకూ తెలియదు. పైనుంచి చూస్తే డెక్ అద్దంలా ఉంది మరి. మీరూ బోల్టులు దిగినచోటల్లా తట్టి చూడండి, నీళ్లు దారి చేసుకునేది అక్కడే.

మాస్ట్‌ను పట్టుకుని ఉండే స్టీల్ తీగల వయసు అడిగితే "బాగానే ఉన్నాయి" అంటారు. అది జవాబు కాదు, బిల్లు చూపించమనండి. 10 నుంచి 15 ఏళ్లు దాటితే చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు మార్చమంటాయి. తీగ వెంట గుడ్డముక్కతో తుడవండి, తెగిన పోగు ఉంటే గుడ్డ చిక్కుకుంటుంది. వట్టి చేత్తో మాత్రం తడమొద్దు. తీగలు బిగించే చైన్‌ప్లేట్లు డెక్‌లోంచి కిందికి దిగేచోట తుప్పు చార ఉంటే ఇంకా జాగ్రత్త. స్టెయిన్‌లెస్ స్టీల్ గాలి తగలని తడిచోటే రహస్యంగా తినేసుకుంటుంది.

హల్‌కు (పడవ ఒంటికి) ఉన్న ప్రతి రంధ్రం దగ్గరా సీకాక్, అంటే నీళ్లు ఆపే వాల్వు, తిప్పి చూడండి. తిరగనిది ఉన్నా లేనట్టే. ఇత్తడిది గీకితే గులాబిరంగు కనబడిందంటే అందులోని జింకు పోయింది, ఒక్క తన్నుకు విరగొచ్చు. చుక్కానిని పట్టుకుని అటూ ఇటూ ఊపండి. పడవను ఒడ్డుకెక్కించిన మర్నాడు కూడా చుక్కాని అడుగునుంచి నీళ్లు బొట్లుబొట్లుగా కారుతుంటే లోపల తడి ఉన్నట్టే. తెరచాపల కుట్టుదారం గోటితో గీకండి, తెగితే ఎండ దాన్ని తినేసింది.

ఇంజిన్ సంగతి చిన్నదే, కానీ మోసపోయేది ఎక్కువ. మీరు వెళ్లేసరికి అది వేడిగా ఉండకూడదు. చల్లటి ఇంజిన్ ఎలా స్టార్ట్ అవుతుందో మీ కళ్లతో చూడాలి. ఆయిల్ పాలలా ఉంటే అందులో నీళ్లు కలిశాయి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. వంట గ్యాస్ గాలికంటే బరువు కాబట్టి లీకైతే బిల్జ్‌లో చేరుతుంది. సిలిండర్ పెట్టె అడుగున బయటికి దారి ఉందో లేదో చూడండి.

ఇవన్నీ అయ్యాక కూడా పడవలు పరీక్షించే సర్వేయర్‌ను పెట్టుకోండి. బ్రోకర్ చెప్పిన మనిషిని కాదు, మీరు వెతుక్కున్న మనిషిని. పడవను నీళ్లలోంచి తీయించాకే సర్వే. బయానా ఇచ్చేటప్పుడు సర్వే బాగా రాకపోతే డబ్బు వాపసు అని కాగితం మీద రాయించుకోండి. ఉన్న డబ్బంతా ధరకే పెట్టకుండా నాలుగో వంతు పక్కన ఉంచుకోండి, మొదటి ఏడాదిలోనే ఖర్చైపోతుంది. అమ్మేవాడే యజమానా, పడవ మీద అప్పుందా, హల్ నంబరు కాగితాల్లో ఉన్న నంబరూ ఒకటేనా అన్నవి కూడా ఆ వారంలోనే చూసుకోండి.

చివరిగా, కాస్త గాలున్న రోజు సముద్రంలోకి తీసుకెళ్లమని అడగండి. గాలి లేని రోజు ఏ పడవైనా బాగానే నడుస్తుంది. పడవ ఒరిగినప్పుడు చుక్కాని ఎంత బరువుగా ఉందో చేతికి తెలుస్తుంది. కింద క్యాబిన్‌లో పట్టుకోవడానికి కడ్డీలున్నాయో లేదో అప్పుడే బయటపడుతుంది. "ఇవాళ వద్దులెండి, ఇంకో రోజు చూద్దాం" అని అమ్మేవాడు రెండుసార్లు వాయిదా వేస్తే, మీరు ఇంకో పడవ చూసుకోండి.