సమితి నారాయణ సేవ: ఆస్పత్రి దగ్గర 200 పులిహోర పొట్లాలు

సత్యసాయి సేవా సమితుల నారాయణ సేవలో, అంటే ఆకలిగొన్నవాళ్లకు ఉచితంగా అన్నం పెట్టే సేవలో, పులిహోర తరచూ కనిపిస్తుంది. చింతపండు పులుపు వల్ల సాంబారన్నం కంటే కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది, పక్కన కూర అడగదు, ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని తినేయొచ్చు. ఒక్కో పొట్లం 300 గ్రాముల చొప్పున 200 మందికి లెక్క ఇది.

ముందు సరుకుల సంగతి. బయటివాళ్లను చందాలు అడగకూడదన్నది సంస్థ నియమం, కాబట్టి సభ్యులే తలా ఒక సరుకు పంచుకోవాలి. ఇళ్లలో రోజూ పిడికెడు తీసిపెట్టిన బియ్యం చేతిలో ఉన్నా వాటిని పులిహోరకు వాడకండి. పాతవి, కొత్తవి, రేషన్‌వి కలిసిపోతే సగం ముద్ద, సగం పలుకు. ఆ బియ్యం పొంగలికి బాగుంటాయి. పులిహోరకు ఒకే రకం పాత సోనామసూరి, 26 కిలోల బస్తా ఒకటి కొనండి.

ఈ వంటలో అసలు చిక్కు వేరు. నైవేద్యం అయ్యేదాకా ఎవరూ రుచి చూడరు. ఇంట్లోలా నాలుక మీద వేసుకుని ఉప్పు సరిచేసే వీల్లేదు. అందుకే ఎంత చెయ్యి తిరిగిన వంటవాళ్లయినా ఇక్కడ చేతి అందాజు పక్కనపెట్టి కాటా వాడాలి.

బియ్యం 22 కిలోలు. చింతపండు 2 కిలోలు, ఉప్పు 800 గ్రాములు, నూనె రెండున్నర లీటర్లు. పచ్చిమిర్చి కిలో, ఎండుమిర్చి పావుకిలో, వేరుశనగ గుళ్లు 2 కిలోలు, శనగపప్పు కిలో, మినప్పప్పు అరకిలో, ఆవాలు 200 గ్రాములు, పసుపు 120, బెల్లం 200, ఇంగువ 30. కరివేపాకు ధారాళంగా.

పులుసు ముందురోజు సాయంత్రమే కాచుకోండి. ఇత్తడి గిన్నె అయితే లోపల కళాయి పూత ఉండాల్సిందే, అల్యూమినియం వద్దే వద్దు; పులుపు తగిలితే లోహం వంటలోకి దిగుతుంది. స్టీలు అయితే దిగులు లేదు. లీటరు నూనెతో, చీల్చిన పచ్చిమిర్చి, సగం పసుపు, బెల్లం, 700 గ్రాముల ఉప్పు వేసి, నూనె పైకి తేలేదాకా మరగనివ్వాలి. పల్చగా దింపేస్తే మర్నాడు అన్నం చెమ్మగిల్లి పొట్లంలో తీగ సాగుతుంది. మిగిలిన 100 గ్రాముల ఉప్పును ఒక గిన్నెడు పులుసులో కరిగించి విడిగా ఉంచండి.

అన్నం రెండు దఫాలుగా, 11 కిలోల చొప్పున వండండి. మొత్తం ఒకేసారి ఎక్కిస్తే అడుగు మాడి పైన పలుకుగా ఉంటుంది, వార్చడానికి ఇద్దరి చేతులూ చాలవు. ఎసరు మూడింతలకు పైగా పెట్టి, మెతుకు నొక్కితే మధ్యలో సన్నని పలుకు తగులుతుండగానే వార్చెయ్యాలి. మిగతాది ఆవిరే చూసుకుంటుంది. ఉతికిన నూలు పంచెల మీద అరచెయ్యి మందాన పరిచి, వేడి మీదే అరలీటరు నూనె, మిగిలిన పసుపు కలిపి చెక్క తెడ్డుతో విప్పాలి. ప్లాస్టిక్ పట్టా మీద పోస్తే అడుగున నీరు ఊరుతుంది. వేడి తగ్గాక పులుసు, పోపు కలపండి. వేరుశనగ గుళ్లు విడిగా వేయించి ఆఖర్న వేస్తే కరకరలాడతాయి.

నైవేద్యం పెట్టి, గీతలోని ‘బ్రహ్మార్పణం’ చెప్పుకున్నాక ఇద్దరు రుచి చూడాలి. ఉప్పు తగ్గిందా, విడిగా ఉంచిన పులుసు అందుకే. పొడి ఉప్పు చల్లితే ఒకరి పొట్లం ఉప్పుకషాయం, ఇంకొకరిది చప్పన.

పొట్లాలకు అరిటాకు, దానిపైన తెల్లకాగితం చాలు. వార్తాపత్రికల్లో కట్టొద్దు, సిరా నూనెకు కరిగి అన్నానికి అంటుతుంది. వేడిగా కట్టినా ముప్పే, లోపల చెమట పడుతుంది. అలాగని పొద్దుటే వండి గంటలకొద్దీ ఉంచడం ఇంకా ప్రమాదం: ఉడికినా చావని బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు గోరువెచ్చని అన్నంలో పెరుగుతాయి, అవి వదిలే విషం మళ్లీ వేడిచేసినా పోదు. వార్చినప్పటి నుంచి నాలుగు గంటల్లో పొట్లం తినేవాళ్ల చేతిలో ఉండాలి, వేసవిలో ఇంకా ముందే. పన్నెండుకు పంచాలంటే మొదటి దఫా ఎనిమిదిన్నరకు ముందు వార్చొద్దు.

సూపరింటెండెంట్ దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకోండి. ఉచితంగా పంచినా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ అవసరమే. పొట్లాలు రోగుల వెంట వచ్చినవాళ్లకే ఇవ్వండి. షుగరు, కిడ్నీ రోగుల పథ్యం మన చేతిలోది కాదు. గేటు దగ్గర ఒకే వరుస పెడితే బలమున్నవాళ్లు రెండుసార్లు వస్తారు, చంటిపిల్ల తల్లి వెనకే ఉండిపోతుంది. ముందే వార్డుల్లో టోకెన్లు ఇచ్చి, ముసలివాళ్లకూ బాలింతల బంధువులకూ వేరే వరుస పెట్టండి. రెండు చేతులతో, ‘సాయిరాం అమ్మా, తీసుకోండి’ అని ఇవ్వాలి. ముద్ద నోట్లో పెట్టుకుంటున్న మనిషికి ఫోన్ ఎత్తి ఫొటో తీయడం మాత్రం దయచేసి మానండి.

ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు నాలుగు, చెత్తకు రెండు పెద్ద డబ్బాలు తప్పనిసరి. మిగిలిన పొట్లాలు సాయంత్రానికి దాచకుండా అప్పుడే బస్టాండు వైపు పంపండి. ఎన్ని మిగిలాయో, ఎంతమందికి అందలేదో రిజిస్టరులో రాస్తే వచ్చే ఆదివారం బియ్యం లెక్క దాన్నిబట్టి వేసుకోవచ్చు.