కోళ్లకు గుడ్ల గూడు: ఒక పాత టమాట ట్రే చాలు

మా ఇల్లు దేవరకొండ వైపు. ఇంటి వెనక పత్తికట్టె కుప్ప ఉంటుంది, పొయ్యిలోకి. మా పెట్టల్లో రెండు ఆ కుప్ప సందులోకి దూరి గుడ్లు పెడుతున్న సంగతి నాకు తెలియనే తెలియదు, ఒకరోజు కట్టె లాగుతుంటే చేతికి జానెడు దూరంలో జెర్రిపోతు తల కనబడ్డాక తెలిసింది. అది మింగగా మిగిలినవి నాలుగు గుడ్లు. వెంటనే వడ్లాయనతో మంచి చెక్క డబ్బా చేయించి వాకిట్లో పెట్టాను, వారం గడిచినా ఒక్క కోడి తొంగి చూడలేదు. మా అత్తమ్మ నవ్వింది. "నువ్వు చూపెట్టిన కాడ పెడ్తదా? దానికి నచ్చిన కాడ పెడ్తది."

సరే, కట్టె కుప్పలో దానికి ఏం నచ్చిందో చూద్దామని వంగి చూస్తే అర్థమైంది. లోపల చీకటి, వెనక నుంచి ఎవరూ రాలేరు, కింద రాలిన ఆకు మెత్తగా ఉంది. గూట్లో ఇవి ఉంటే చాలు, తక్కిన సోకులన్నీ మన కోసమే.

కావాల్సింది టమాటలు వచ్చే ప్లాస్టిక్ ట్రే ఒకటి. కూరగాయల అంగట్లో పగిలినవి అడిగితే తక్కువకే ఇస్తారు, ఒక మూల విరిగినా ఫరవాలేదు. ఇంకా పాత గోనె సంచి, నాలుగంగుళాల వెడల్పున్న చెక్క ముక్క, కాస్త బైండింగ్ వైరు, పాత ఫ్లెక్సీ. నాలుగైదు పెట్టలకు ఒక గూడు సరిపోతుంది, పది ఉంటే రెండో మూడో పెట్టండి. లోపల చోటు మాత్రం పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కో అడుగు అటూఇటుగా ఉండాలి, వనరాజా, గ్రామప్రియ లాంటి పెద్ద ఒళ్లు కోళ్లకు ఇంకో రెండంగుళాలు ఎక్కువ ఉంటే మేలు. పదిహేను కిలోల నూనె డబ్బాతో చేస్తారు కొందరు, దాని వెడల్పు తొమ్మిదంగుళాల చిల్లరే, పెట్ట లోపల తిరగలేదు. పైగా రేకు. మన నల్లగొండ ఎండలకు మే నెలలో అందులో కూర్చున్న కోడి రొప్పుతూ బయటికొస్తుంది.

ట్రేని పొడవు వైపు పక్కకు పడుకోబెట్టండి, నోరు మన వైపు రావాలి. మధ్యలో చెక్క అడ్డం పెట్టి రెండు గూళ్లు చేద్దామన్న ఆశ వద్దు, ఇరుకవుతుంది. నోటి కింది అంచుకు చెక్క ముక్కను అడ్డంగా పెట్టి ట్రే బెజ్జాల్లోంచి వైరుతో బిగించాలి. ఇది లేకపోతే కోడి గీరిన గీరుడుకు గడ్డితో పాటు గుడ్డు కూడా కింద పడుతుంది. వైరు కొసలు బయటి వైపుకే వంచండి, లోపల ఉంటే కాళ్లకు గీరుకుంటాయి. పక్కలకూ పైకీ ఫ్లెక్సీ చుట్టి కడితే వెలుగు ఆగుతుంది. (బొమ్మ లోపలికి వచ్చేలా కట్టండి. నేను బయటికి కడితే వచ్చినవాళ్లంతా మీరు ఏ పార్టీ అని అడగడం మొదలుపెట్టారు.) వెనక వైపు మాత్రం కట్టకుండా వదిలేసి గోడకు అంగుళం ఎడంగా పెడితే గాలి ఆడుతుంది. నోటి పై సగానికి గోనె సంచి తెర వేలాడదీయండి. యూరియా సంచి వాడితే గాలికి టపటపా కొట్టుకుని కోళ్లు బెదురుతాయి.

ఇక చోటు, అసలు తప్పు చేసేది ఇక్కడే. కోళ్లు రాత్రి అన్నిటికంటే ఎత్తున్న చోట పడుకుంటాయి. పడుకునే కర్ర కంటే గూడు ఎత్తుగా ఉంటే గూట్లోనే పడుకుని తెల్లారేసరికి రెట్టలతో నింపుతాయి. కాబట్టి కర్ర మూడడుగుల ఎత్తులో ఉంటే గూడు అడుగు, అడుగున్నర ఎత్తులో, సిమెంటు ఇటుకల మీద కదలకుండా పెట్టండి. ట్రే పైన కూడా ఎక్కి కూర్చుంటాయి, అందుకని ఒక రేకు ముక్కను బాగా ఏటవాలుగా ఆనించి కట్టేస్తే జారిపోతాయి. జనం తిరిగే దారిలో వద్దు. వాకిట్లో నుంచి తీసి చీకటి మూలకు మార్చాక నా చెక్క డబ్బాలోకి కూడా వచ్చాయి.

కింద రెండంగుళాలు ఊక, పైన వరిగడ్డి. ఉత్త ఊక ఒక్కటే పోస్తే రెండు రోజుల్లో చిమ్మేస్తాయి. గడ్డి మధ్యలో పిడికిలితో నొక్కి గుంత చేసి, అందులో ఒక నున్నటి గుండ్రాయి గానీ టేబుల్ టెన్నిస్ బంతి గానీ పెట్టండి. ఇంకో పెట్ట అప్పటికే పెట్టింది అనుకుని అదీ అక్కడే కూర్చుంటుంది. నిజం గుడ్డు వదిలేస్తే పగిలి, రుచి మరిగి, గుడ్లు తాగే అలవాటు పట్టుకుంటుంది. కొత్త పెట్టలైతే గుడ్లకొచ్చే గుర్తుగా తల మీది జుట్టు ఎర్రబడటం మొదలవ్వగానే గూడు పెట్టేయాలి, అలవాటు కావడానికి కొన్ని రోజులు పడుతుంది. అప్పటికే బయట పెట్టడం మరిగినవాటిని ఒక వారం పాటు పొద్దున పదకొండు దాకా కోళ్ల కొట్టం లోపలే ఉంచి వదలండి. చాలా కోళ్లు మధ్యాహ్నంలోపే పెడతాయి కాబట్టి వేరే దారి ఉండదు. కట్టె కుప్ప సందులు మాత్రం మూసేయండి, లేకపోతే మళ్లీ అటే పోతాయి.

గుడ్లు రోజూ తీయాలి, ఎండాకాలం రెండుసార్లు. పుంజు తిరిగే మందలో గుడ్డు ఆ వేడికే లోపల పిల్ల కట్టడం మొదలై పాడవుతుంది. గడ్డి తడిసినా రెట్ట పడినా మార్చండి. చిన్న ఎర్ర పురుగులు పగలు చెక్క పగుళ్లలో దాక్కుని రాత్రి రక్తం తాగుతాయి. ప్లాస్టిక్ ట్రేతో ఆ బాధ తక్కువ, కడిగి ఎండకు పెడితే సరి. చెక్క గూడుకు లోపల సున్నం కొట్టాలి.

నాటుపెట్ట పొదుగుకు వస్తే గూట్లో వదలకండి, ఇరవై ఒక్క రోజులు లేవదు, మిగతావాటికి చోటుండదు. దానికి వేరే మూలన గంప వేసి పది పన్నెండు గుడ్లతో కూర్చోబెట్టండి.

ఒకటి మాత్రం నా వల్ల కాలేదు. మూడు గూళ్లు ఖాళీగా ఉన్నా మా తొమ్మిది కోళ్లకు గోడ మూలకున్నదే కావాలి. లోపలున్నది లేచేదాకా రెండోది బయట నిలబడి అరుస్తూ ఉంటుంది, ఒక్కోసారి ఆగలేక దాని వీపు మీదికే ఎక్కేస్తుంది.