మంచులో చిక్కిన ఓడ: శాటిలైట్ చిత్రం చూసి చోటు చెప్పే ముందు

ధ్రువ సముద్రాలు గడ్డకట్టే రోజులు రాకముందే కొన్ని సిద్ధం చేసి పెట్టుకోవాలి. ఓడ చిక్కుకున్నాక ఆ టెన్షన్‌లో చేతులాడవు. 2021 నవంబరులో రష్యా ఉత్తర తీరంలో మంచు ముందే పట్టేసి సుమారు 20 ఓడలు ఆగిపోయాయి. వేసవే కదా అన్న ధీమా కూడా పనికిరాదు. అకడమిక్ షొకాల్‌స్కీ అనే రష్యా ఓడ అంటార్కిటికాలో ఇరుక్కున్నది 2013 డిసెంబరులో, అంటే అక్కడి నడివేసవిలో. సాయానికి వెళ్లిన చైనా ఐస్‌బ్రేకర్ (మంచు చీల్చుకుపోయే ఓడ) షుయేలాంగ్‌కూ తర్వాత అదే గతి పట్టింది.

ముందు ఏ చిత్రం దేనికి పనికొస్తుందో తేల్చుకోండి. నాసా ఉపగ్రహాల మీదున్న మోడిస్ పరికరం చిత్రాల్లో ఒక్కో పిక్సెల్ కనీసం 250 మీటర్లు. షొకాల్‌స్కీ పొడవు 72 మీటర్లే. అందులో ఓడ కోసం వెతకడం దండగ, మంచు ఎటు పరుచుకుందో చూడటానికి మాత్రం భేషుగ్గా ఉంటుంది. యూరప్ ఉపగ్రహం సెంటినెల్-2లో పిక్సెల్ 10 మీటర్లు కాబట్టి ఓడ ఆకారం కనబడుతుంది. కానీ మబ్బు పట్టినా, ధ్రువ రాత్రి మొదలైనా అది గుడ్డిదే. అప్పుడు దిక్కు సెంటినెల్-1 రాడార్. చీకటైనా మబ్బైనా దానికి ఒకటే. ఈ డేటా ఉచితం. అకౌంట్ మాత్రం ముందే తెరిచి, ఒకట్రెండు చిత్రాలు దించి చూసుకోండి.

రాడార్‌లో తెల్లగా మెరిసిన ప్రతి చుక్కా ఓడ కాదు. మంచుకొండ మెరుస్తుంది, మంచు పలకలు ఒకదానిమీదొకటి ఎక్కి ఏర్పడిన గట్లూ మెరుస్తాయి. అందుకే ఓడ చిక్కకముందు తీసిన చిత్రం పక్కన పెట్టుకుని పోల్చాలి. చుక్క వెనక గీతలా ఓడ వచ్చిన దారి కనిపిస్తే నమ్మకం పెరుగుతుంది, కానీ గాలికి మంచు బిగుసుకుంటే ఆ దారి పూడిపోతుంది. ఓడ ఏఐఎస్‌లో (ఓడలు తామున్న చోటును తమంతట తామే రేడియోలో చెప్పే వ్యవస్థ) చివరిసారి పంపిన చోటుతోనూ సరిచూడండి.

ఎక్కువమంది బోల్తా పడేది మాత్రం టైమ్ దగ్గర. మీరు చూస్తున్నది ఓడ ఉన్న చోటు కాదు, చిత్రం తీసినప్పుడు ఉన్న చోటు. మంచు కదులుతుంది, దాంతోపాటు ఓడా కదులుతుంది. తీరానికి అతుక్కోని మంచు గాలి వేగంలో దాదాపు 2 శాతంతో జరుగుతుందని ఒక మోటు లెక్క. గాలి గంటకు 36 కిలోమీటర్లనుకోండి. 6 గంటల కిందటి చిత్రమైతే ఓడ 4 కిలోమీటర్లకు పైగా జరిగి ఉంటుంది. అదీ నేరుగా గాలివాటున కాదు, ఉత్తరార్ధగోళంలో కాస్త కుడికి, దక్షిణార్ధగోళంలో ఎడమకి. ప్రవాహం బలంగా ఉంటే ఈ లెక్కా తప్పుతుంది. కాబట్టి ఒక చుక్క పెట్టి ఊరుకోకుండా, దాని చుట్టూ వెతకాల్సిన మేర గీసి ఇవ్వండి. చిత్రం తీసిన సమయం యూటీసీలో (ప్రపంచమంతా ఒకటే వాడే ప్రామాణిక సమయం) పక్కనే రాయండి.

చివరగా అక్షాంశం రాసే పద్ధతి. చిన్న విషయంలా ఉంటుంది గానీ కొంప ముంచేది ఇదే. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి 66 డిగ్రీల 52 నిమిషాలంటే 66.867 డిగ్రీలు. ఎవరైనా దాన్ని 66.52 అని కొట్టారో, 38 కిలోమీటర్లకు పైగా తేడా వస్తుంది. ఏ పద్ధతిలో పంపుతారో ఓడవాళ్లతో, హెలికాప్టర్‌వాళ్లతో ముందే మాట్లాడుకోండి. ఫోన్‌లో చెబితే అవతలివాళ్లచేత తిరిగి చదివించండి.