పాత క్యాంపర్ ట్రైలర్‌ను తక్కువ ఖర్చుల మంచిగ చేసుకునుడు ఎట్ల

క్యాంపర్ ట్రైలర్ అంటే కారు వెనక తగిలించుకొని గుంజుకపోయే, లోపల పండుకునే చిన్న బండి. పాతది చేతికి రాంగనే అందరికీ ముందు రంగు, కర్టెన్లు, లోపల లైట్లు యాదికొస్తయ్, పైసలు కూడ ఆడనే అయిపోతయ్. నేను చెప్పేది ఒక్కటే, కంటికి కనబడని పనికి ముందు పెట్టుండ్రి. నీళ్ళు లోపలికి రాకుండ చేసుడు, చాసిస్ (బండి కింది ఇనుప ఫ్రేము), చక్రాలు, ఈ మూడు అయినంకనే మిగతాది.

నేను చెప్పేది చిన్న సైజు గురించి, ఒకటే యాక్సిల్, రెండు టైర్లు, లోపల ఇద్దరు పండుకునే జాగ, చెక్క ఫ్రేము మీద అల్యూమినియం రేకు. మన దిక్కు అసలు క్యాంపర్ దొరుకుడు కష్టమే గాని పాత మొబైల్ క్యాంటీన్ ట్రైలర్ దొరికినా పని ఇదే.

కొనేటప్పుడు జేబుల ఒక స్క్రూడ్రైవర్ పెట్టుకొని పోండ్రి. కిటికీల కింద, నాలుగు మూలల దగ్గర, డోర్ గుమ్మం కాడ మెల్లగ పొడిచి చూడాలె, మెత్తగ దిగబడితే లోపల చెక్క కుళ్ళినట్టే. కింద పండుకొని, హుక్ రాడ్ బాడీకి కలిసే కాడ వెల్డింగ్ పగిలిందా చూడాలె, బరువు గుంజేది ఆడనే. ఆర్సీ ఉండాలె, చాసిస్ మీద కొట్టిన నంబర్ దాంతోటి కలవాలె. 1988 మోటార్ వాహనాల చట్టం ట్రైలర్‌కు కూడ వర్తిస్తది, సెక్షన్ 52 ప్రకారం బండిని ఇష్టమున్నట్టు మార్చరాదు, అందుకే గోడలు కోసే ముందే ఆర్టీవో ఆఫీసుల అడగండ్రి. కాగితాలు లేని బండి ఎంత అగ్గువకొచ్చినా వద్దు.

ఇగ నీళ్ళ సంగతి. మృగశిర కార్తె లోపల పైకప్పు పని అయిపోవాలె, వానలు మొదలైనంక చెక్క ఆరది, ఆరని చెక్క మీద ఏది పూసినా లాభంలేదు. ఒకరు లోపల టార్చి, చాక్‌పీసు పట్టుకొని కూసోవాలె, ఇంకొకరు బయట పైపుతోటి నీళ్ళు కొట్టాలె, కింది నుంచి మొదలుపెట్టి మెల్లగ పైకి పోవాలె, ముందే పైనుంచి పోస్తే నీళ్ళు అంతటా కారి ఎక్కడ దూరుతున్నయో తెల్వదు. దొరికిన కాడల్లా గుర్తు పెట్టుకొని అక్కడ జాయింట్ మీదున్న పట్టీ ఊడదీసి పాత సిలికాన్ మొత్తం గీకెయ్యాలె, కొంచెం మిగిలినా దాని మీద కొత్తది అంటుకోదు. తర్వాత పట్టీ కింద బ్యూటైల్ టేపు (బంకలెక్క అంటుకునే రబ్బరు టేపు), అంచుకు పీయూ సీలెంట్ (ఎండినంక కూడ రబ్బరులెక్క సాగేది). చాలామంది ఎంసీల్ పెట్టేస్తరు, చిన్న బొక్కకైతే సరే గాని రేకుల జాయింట్‌కు వద్దు, మన ఎండకు రేకు సాగుతది ముడుచుకుంటది, గట్టిపడ్డ ఎంసీల్ సాగదు, పగుల్తది. ఇంకోటి, అల్యూమినియం రేకుకు ఇనుప స్క్రూలు కొట్టకుండ్రి, తడి తగిలితే స్క్రూ చుట్టూ రేకునే తినేస్తది, అల్యూమినియం రివిట్లే వాడాలె.

కుళ్ళిన చెక్క మొత్తం పీకాల్సిన పన్లేదు, చెడ్డ కాడికి కోసి, రెండు దిక్కులా మంచి చెక్క మీదికి ఎక్కేటట్టు కొత్త ముక్క జోడిస్తే చాలు. నేలకు మాత్రం ఐఎస్ 710 అని ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ తీసుకోండ్రి, అంచులకు రెండు కోట్లు పెయింట్ కొట్టాలె, నీళ్ళు పీల్చేది అంచే. లోపల అల్మారలకు అగ్గువ ప్లై నడుస్తది.

చాసిస్‌కు వైర్ బ్రష్ కొట్టి తుప్పు దులిపి రెడ్ ఆక్సైడ్ రెండు కోట్లు, పెద్ద ఖర్చు కాదు. అదే రెడ్ ఆక్సైడ్ అల్యూమినియం రేకు మీద నిలవది, దానికి ఎచ్ ప్రైమర్ (రేకును గట్టిగ పట్టుకునే తొలి కోటు) కావాలె. టైర్లకు గీతలు మంచిగున్నయ్ అని మోసపోకుండ్రి, పక్కన నాలుగు అంకెలు ఉంటయ్, 2319 అంటే 2019ల 23వ వారం తయారైందని. ఆరేండ్లు దాటితే మార్చెయ్యండ్రి. హబ్ (చక్రం నడిమి భాగం) విప్పి బేరింగులు కిరోసిన్‌ల కడిగి గీతలు పడ్డయా చూసి కొత్త గ్రీజు పెట్టాలె, కమాన్ పట్టీలు, యూ బోల్టులు కూడ అప్పుడే చూసుకోండ్రి.

పైసలు మిగుల్చుకోవాలంటే లారీ బాడీ కట్టే షెడ్లకు పోండ్రి. కోసి మిగిలిన రేకు ముక్కలు, యాంగిల్స్ తూకానికిస్తరు, పాత బస్సుల కిటికీలు రబ్బర్ బీడింగ్‌తోటి సహా స్క్రాప్‌ల దొరుకుతయ్. టైర్లు, బేరింగులు, సీలెంట్, గ్యాస్ పైపు మాత్రం పాతవి వద్దు.

రోహిణి కార్తెల రోళ్ళే పగుల్తయంటరు, రేకు డబ్బల మనిషి ఎట్లుంటడు. ఫ్రేము సందులల్ల తర్మకోల్ నింపి మీద ప్లై కప్పాలె, బయటికి వదిలేస్తే నిప్పుకు తొందరగ అంటుకుంటది. పైన తెల్ల కూల్ రూఫ్ పెయింట్, ఎదురెదురుగ రెండు కిటికీలు. ఏసీ మాట మర్చిపోండ్రి. 12 వోల్టుల 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్) లెడ్ యాసిడ్ బ్యాటరీల సగమే వాడుకోవాలె, అంటే 600 వాట్ అవర్లు, 30 వాట్ల ఫ్యాన్ పది గంటలు తిరిగినా 300యే. 100 వాట్ల సోలార్ ప్యానెల్ సరిపోతది. బ్యాటరీ ప్లస్ దగ్గరనే ఫ్యూజ్ పెట్టుండ్రి.

వంట బయటనే చేసుకోండ్రి. సిలిండర్ లోపల పెడితే నేలకు ఆనుకొని గాలి పోయే బొక్క ఉండాలె, ఎల్పీజీ గాలికన్న బరువు, కిందనే పేరుకుంటది. తాగే నీళ్ళు క్యాన్ల తీస్కపోండ్రి, నల్లగొండ జిల్లల మర్రిగూడ, మునుగోడు దిక్కు బోరు నీళ్ళు ట్యాంకుల పట్టకుండ్రి, అండ్ల ఉన్న ఫ్లోరైడ్ మరగబెడితే పోదు.

సామాను సర్దినంక ధర్మకాంట మీదికి తీస్కపోయి మొత్తం తూకం వెయ్యాలె, హుక్ మీద పడే బరువు వేరేగ చూడాలె. మొత్తంల పదో వంతు, కొంచెం ఎక్కువ హుక్ మీద ఉండాలె, 600 కిలోలైతే 60 నుంచి 90. తక్కువైతే స్పీడ్‌ల వెనక అటూ ఇటూ ఊగుతది, బరువైన సామాను యాక్సిల్‌కు ముందు పెట్టుండ్రి.

మొదటిసారే సాగర్‌కో సోమశిలకో బయలెల్లకుండ్రి. నల్లగొండోళ్ళైతే నార్కట్‌పల్లి దాకా పోయి బండి ఆపి, రెండు హబ్బుల మీద మెల్లగ చెయ్యి పెట్టి చూడండ్రి, ఒకటి ఇంకోదానికన్న ఎక్కువ కాల్తుంటే బేరింగ్ బిగువుగ ఉన్నట్టు, అక్కడికక్కడ వదులు చేయించి, వీల్ నట్లు మళ్ళ ఒకసారి బిగించి ఇంటికి రాండ్రి.