‘మరి సూడాన్ మాటేటి?’ అని అడిగితే జవాబు చెప్పడం ఎలా?

విజయనగరం గంటస్తంభం దగ్గరో శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలిలోనో గాజా మీద పదిమంది ప్లకార్డులు పట్టుకుని నిలబడితే, పక్క టీకొట్టులోంచి ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. “ఏటి మేస్టారూ, గాజా అన్నారు, బాగుంది. మరి సూడాన్ మాటేటి? అక్కడోళ్లు మనుషులు కారేటి?” ఇలా అడిగేవాళ్లలో చాలామందికి సూడాన్ మీద బెంగేమీ ఉండదు, గాజా మాట ఆగిపోతే చాలు. అయినా ప్రశ్న మాత్రం మంచిదే. విసుక్కోకండి. ఏ యుద్ధానికి జనం కదులుతారు, దేనికి కదలరు అన్నది ఒక తెల్లకాగితం ముందేసుకుని మీరే తేల్చుకోవచ్చు.

1. శవాల లెక్క పక్కన పెట్టండి

ఎక్కువమంది చనిపోతే ఎక్కువమంది రోడ్డెక్కుతారని అనుకుంటాం. కాంగోలో 1998లో మొదలైన యుద్ధం, దాని వెంట వచ్చిన ఆకలీ రోగాలూ కలిసి 2007 నాటికి 54 లక్షల మందిని పొట్టన పెట్టుకున్నాయని ఒక సహాయ సంస్థ అంచనా కట్టింది. అంత ఉండదని వాదించినవాళ్లూ ఉన్నారు. సగానికి సగం కోసేసినా అది మామూలు అంకె కాదు. ఆ యుద్ధం మీద ఒక్క కరపత్రమైనా చూశారేమో మీ వీధిలో పెద్దవాళ్లని అడగండి.

ఇరాక్ సంగతి చూడండి. 2003 ఫిబ్రవరి 15న రోమ్, లండన్ సహా వందల నగరాల్లో లక్షలాది జనం రోడ్ల మీదికొచ్చారు. అప్పటికి యుద్ధమే మొదలవలేదు. బాంబులు పడింది మార్చి 20న. ఒక్క శవమైనా లేవకముందే అంత జనం వచ్చారంటే కారణం లెక్కలో లేదన్నమాట.

2. అర్జీ ఎవరి పేరున రాయాలో చూడండి

అసలు కిటుకు ఇక్కడే ఉంది. తక్కినవి తొందరగా దాటేసినా ఈ మెట్టు మీద కాసేపు కూర్చోండి.

సోమవారం గ్రీవెన్స్ రోజున కలెక్టరాఫీసు దగ్గరికి వెళ్తే అర్జీలు రాసిపెట్టేవాళ్లు కనిపిస్తారు. ఒళ్లో అట్ట, దాని మీద తెల్లకాగితం. వచ్చిన ముసలమ్మ పెళ్లినాటి నుంచీ తన బాధంతా చెప్పుకుపోతుంటే రాసేవాడు మధ్యలో ఆపుతాడు. “అది సరే గానీ అమ్మా, ఇది ఎమ్మార్వోకా, కరెంటోళ్లకా?” అది తేలితే గానీ కలం కదలదు. ఊరేగింపుదీ అదే పద్ధతి. బాధ ఎంత పెద్దదైనా, ‘గౌరవనీయులైన’ అన్న మాట తరవాత రాయడానికి ఒక పేరు కావాలి. ఆ పేరుగలాయన మన మాట వినక తప్పని స్థితిలో ఉండాలి.

సోంపేట బీలలో, అంటే అక్కడి చిత్తడి నేలల్లో, థర్మల్ కేంద్రం వద్దని జనం లేచినప్పుడు పేర్లన్నీ కళ్లముందే ఉన్నాయి: కంపెనీ, కలెక్టరు, అనుమతి ఇచ్చిన కేంద్ర శాఖ. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. చివరికి పర్యావరణ అనుమతి రద్దయింది. ఇచ్చినవాళ్లు ఎవరో తెలుసు కాబట్టే తీసుకోమని అడగగలిగారు.

దూరపు యుద్ధాలకూ ఇదే వర్తిస్తుంది. 2003లో ఇరాక్ యుద్ధం వద్దని లండన్‌లో నడిచినవాళ్లకి యుద్ధానికి వెళ్లాలా వద్దా అని తేల్చేది తమ పార్లమెంటేనని తెలుసు. మార్చి 18న అక్కడ ఓటింగ్ జరిగింది, యుద్ధం వైపే మొగ్గింది. మన దగ్గర అదే ఏడాది ఏప్రిల్‌లో లోక్‌సభ ఆ దాడిని నిందిస్తూ తీర్మానం చేసింది. ఇరాక్‌కి సైన్యం పంపమని అమెరికా అడిగితే జూలైలో వాజపేయి ప్రభుత్వం కుదరదంది. ఢిల్లీలో ఒక తలుపు ఉంది, తడితే పలికింది.

వియత్నాం విషయంలో అమెరికా కుర్రాళ్లకి ఆ తలుపు సొంత ఇంటిదే. 1969 డిసెంబరులో పుట్టినతేదీలతో లాటరీ తీసి మరీ సైన్యానికి పిలిచారు. తేదీ తగిలినవాడికి అది దూరపు యుద్ధమెలా అవుతుంది? ఏ లాటరీ లేని కలకత్తా కూడా ‘ఆమార్ నామ్, తోమార్ నామ్, వియత్నాం’ (నా పేరూ నీ పేరూ వియత్నామే) అని ఊగిపోయింది. అంతటితో ఊరుకోక, అమెరికా కాన్సులేట్ ఉన్న హారింగ్టన్ వీధికి వియత్నాం నాయకుడు హో చి మిన్ పేరు పెట్టేశారు. అమెరికావాళ్లు తమ కాగితాల మీద ఆ పేరే రాసుకోవాల్సి వచ్చింది. బెంగాలీల చమత్కారానికి దండం పెట్టాలి.

ఇక గాజా. 2016లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఇజ్రాయెల్‌కి అమెరికా పదేళ్లలో 3,800 కోట్ల డాలర్ల సైనిక సాయం ఇవ్వాలి. అంటే అక్కడి విద్యార్థికి సొంత ప్రభుత్వమూ, ఇజ్రాయెల్‌తో లంకె ఉన్న కంపెనీల్లో పెట్టుబడులున్న సొంత యూనివర్సిటీయే ఎదురుగా ఉన్నాయి. 2024 ఏప్రిల్‌లో కొలంబియా యూనివర్సిటీలో గుడారాలు వెలిసింది అందుకే. మనకున్న లంకె కాస్త సన్నం, కానీ ఉంది. 2024 ఫిబ్రవరిలో మన రేవు కార్మికుల సమాఖ్య ఇజ్రాయెల్‌కి పోయే ఆయుధాల సరుకు ముట్టుకునేది లేదంది. ఆయుధాల ఎగుమతి ఆపాలన్న వ్యాజ్యాన్ని ఆ సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది.

3. మనవాళ్లు ఎవరున్నారో, ఆ చుట్టరికం ఇంకా బతికుందో లేదో చూడండి

శ్రీలంకలో 2009లో యుద్ధం ముగిసేనాటికి తమిళనాడు అట్టుడికింది. ఆంధ్రాలో అలికిడి లేదు. కారణం ఎవరైనా చెబుతారు. దాని తరవాత జరిగింది మాత్రం చాలామంది మరిచిపోయారు: 2013 మార్చిలో, ఇదే విషయం మీద డీఎంకే కేంద్ర ప్రభుత్వానికి మద్దతు ఉపసంహరించుకుంది. చుట్టరికానికి ఎంపీల బలం తోడైతే వీధిలో అరుపు ఢిల్లీ దాకా వినిపిస్తుంది.

మన జిల్లాలకి ఇంకా దగ్గర ఉదాహరణ బర్మా. తాతల కాలంలో ఇక్కడి కూలీలు ఓడెక్కి రంగం (రంగూన్) పోయేవారు. జపాన్ బాంబులు పడ్డాక 1942లో అడవుల గుండా నడిచి వచ్చినవాళ్ల కథలు మన పాత ఇళ్లలో ఇప్పటికీ దొరుకుతాయి. 1960ల్లో అక్కడి సైనిక పాలకుడు నే విన్ ప్రభుత్వం వ్యాపారాలు జాతీయం చేశాక ఇంకొందరు తిరిగొచ్చారు. 2021 ఫిబ్రవరి 1న అక్కడ సైన్యం అధికారం లాక్కుంది, అంతర్యుద్ధం రాజుకుంది. కళింగపట్నం తీరాన నిలబడితే సముద్రానికి ఆ ఒడ్డున జరుగుతున్న యుద్ధమది. మనం పలకలేదు. మిజోరం పలికింది. సరిహద్దు దాటి వచ్చే చిన్‌లు మిజోలకి రక్తబంధువులు. శరణార్థుల్ని రానివ్వొద్దని కేంద్రం చెప్పినా అక్కడి ముఖ్యమంత్రే కుదరదని ప్రధానికి ఉత్తరం రాశారు. మన రంగం చుట్టరికం తాతలతో పోయింది. దాని కథలు మిగిలాయి గానీ, ఫోన్ చేస్తే అక్కడ ఎత్తే మనిషి లేడు.

4. మనవాళ్లు ఇల్లు చేరాక ఏమైందో చూడండి

2022లో ఉక్రెయిన్ నుంచి మెడికల్ విద్యార్థులు తిరిగొచ్చేదాకా టీవీలు హోరెత్తాయి. వచ్చాక మనకి మిగిలింది పొద్దుతిరుగుడు నూనె ధర. సూడాన్‌లో 2023 ఏప్రిల్ 15న పోరు మొదలైంది. ఆపరేషన్ కావేరి పేరుతో మన ప్రభుత్వం 3,800 మందికి పైగా వెనక్కి తెచ్చింది. ఆ తరవాత వార్త ఆగిపోయింది, యుద్ధం ఆగలేదు.

5. బొమ్మలూ సంఘాలూ

దీనికి ఎక్కువ కాగితం ఖర్చు చేయకండి. ఇథియోపియాలోని టిగ్రేలో 2020 నుంచి రెండేళ్లు యుద్ధం నడిచింది, ఇంటర్నెట్ కోసేశారు, ప్రపంచానికి ఏమీ కనపడలేదు. గాజాలో విదేశీ విలేకరుల్ని రానివ్వకపోయినా ఊరివాళ్లే ఫోన్లలో తీసి చూపించారు. పాలస్తీనా కోసం మాట్లాడే పార్టీలు, సంఘాలు మన దగ్గర దశాబ్దాలుగా ఉన్నాయి. బ్యానరు పాతదైనా ఉంది కదా, తేదీ మార్చి కట్టేయొచ్చు. సూడాన్‌కి బ్యానరే కొత్తగా కుట్టాలి. నల్లవాళ్లు కాబట్టి పట్టించుకోరన్న మాటలో నిజముంది. కానీ టీవీలు ఇచ్చే సమయానికి సరిపోయినంతగా అది వీధికి సరిపోదు. వియత్నాంవాళ్లూ తెల్లవాళ్లు కారు.

6. ఇప్పుడు సూడాన్ పేరు రాయండి

రెండో మెట్టు దగ్గరికి మళ్లీ రండి. అక్కడ కొట్టుకుంటున్నది ఇద్దరు, సైన్యాధిపతి బుర్హాన్, పారామిలిటరీ దళాల అధిపతి హెమెద్తీ. ఇద్దరిలో ఎవరూ మన అర్జీ చదవరు. ఇక్కడితో ఆపేస్తే ‘పేరు లేదు, అందుకే ర్యాలీ లేదు’ అని తేలిగ్గా తప్పించుకోవచ్చు. కానీ పేరు ఉంది. హెమెద్తీ దళాలకి ఆయుధాలు యూఏఈ నుంచి అందుతున్నాయన్న ఆరోపణలు నమ్మదగ్గవేనని ఐక్యరాజ్యసమితి నిపుణులు 2024 జనవరిలో అన్నారు. యూఏఈ కాదంటోంది. సూడాన్ వేసిన కేసు తమ పరిధిలోకి రాదని అంతర్జాతీయ న్యాయస్థానం 2025 మేలో కొట్టేసింది. సూడాన్ బంగారం ఎక్కువగా చేరేదీ అక్కడికే.

యూఏఈలో మన దేశస్థులు 35 లక్షల పైమాటే. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు ఏ వీధికి వెళ్లినా గల్ఫ్‌లో వెల్డరో ఫిట్టరో ఉన్న ఇల్లు తగులుతుంది. పెద్దకొడుకు పంపిన డబ్బుతో స్లాబు వేసుకున్న తండ్రిని అబుదాబీ మీద నినాదం ఇమ్మంటే ఇస్తాడా? ఆయన మీద నాకు కోపం లేదు. కాకపోతే టీకొట్టు దగ్గర చెప్పాల్సిన నిజాయితీ జవాబు ఇది: మనం ఊరుకున్నది సూడాన్ దూరమై కాదు, కావలసినంత దగ్గరై.

7. అర్జీ రాయండి

జవాబు చెప్పాక అడిగినాయన సంతకం కూడా తీసుకోండి. పెడితే నిజంగా అడిగినట్టు. శ్రీకాకుళం ఎంపీ ఇప్పుడు కేంద్రమంత్రి. మంత్రులు సభలో ప్రశ్నలు వేయరు, కాబట్టి ఆయనకి వినతిపత్రం ఇవ్వండి. ప్రశ్న వేయమని అడగాల్సింది విజయనగరం ఎంపీని. సమావేశాలకి బాగా ముందే ఇవ్వాలి, ప్రశ్నకి కనీసం 15 రోజుల నోటీసు ఉండాలి. సూడాన్‌కి ఆయుధాల రాక గురించి యూఏఈతో మాట్లాడారా అన్నది విదేశాంగ శాఖకి. 2022 మే 1 నుంచి అమల్లో ఉన్న వాణిజ్య ఒప్పందం కింద తక్కువ సుంకంతో అక్కడినుంచి వచ్చే బంగారం ఏ గనిదో ఎలా తేలుస్తున్నారన్నది వాణిజ్య శాఖకి. రెండూ ఒకే కాగితం మీద రాయకండి. రెండు శాఖలూ ‘ఇది మాది కాదు’ అంటాయి.