చదునులో గురి బాగుంది, కొండవాలులో బాణం పక్కకి పోతోంది: ఎల్క్ వేటకు ముందు చూసుకోవాల్సినవి

కొలరాడోలో విల్లుతో ఎల్క్ (పెద్ద కొమ్ముల దుప్పి) వేట సెప్టెంబర్‌లో. ఆగస్టు మూడో వారం వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, బాణాలు పక్కకి పోతున్నాయి, ఈ విల్లు అమ్మేసి కొత్తది తీసుకోనా?" అని ఒకరు, "బాణాలు మార్చేశాను, అయినా అంతే" అని ఇంకొకరు. నేనడిగేది ఒకటే: వాలులో నిలబడి ఎన్ని బాణాలు వేశావు? అవతల చప్పుడుండదు. వేసవంతా రేంజ్‌లో చదును నేల మీద వేసి, వేటకేమో ఏటవాలు కొండల్లోకి పోతారు.

లైసెన్సు, హంటర్ ఎడ్యుకేషన్ కార్డు, ఇక్కడి రూల్ ప్రకారం కనీసం 35 పౌండ్ల లాగుడు బలమున్న విల్లు, 7/8 అంగుళం వెడల్పున్న బ్రాడ్‌హెడ్ (వేటకు వాడే బ్లేడు మొన) మీ దగ్గర ఉన్నాయనుకునే రాస్తున్నా. విల్లు లాగడం, వదలడం కూడా వచ్చనే అనుకుంటున్నా.

ఫీల్డ్ పాయింట్లు ఒకచోట, బ్రాడ్‌హెడ్‌లు ఇంకోచోట

ఫీల్డ్ పాయింట్లంటే ప్రాక్టీసుకు వాడే నున్నటి మొనలు. ముందు స్క్రూలన్నీ బిగుతుగా ఉన్నాయో లేదో చూడండి. నవ్వకండి, సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి. తర్వాత బాణాన్ని మొన మీద నిలబెట్టి బొంగరంలా తిప్పండి, మొన దగ్గర ఊగుతుంటే ఆ బాణం పక్కన పడేయండి. అన్నీ బాగున్నా బ్రాడ్‌హెడ్‌లు ఎడమకే పడుతుంటే రెస్ట్‌ను, అంటే బాణం ఆనే భాగాన్ని, కుడికి 1/32 అంగుళం జరిపి మళ్ళీ వేయండి. సైట్ (గురి చూసే పరికరం) ముట్టుకోవద్దు. సైట్ తిప్పితే ఫీల్డ్ పాయింట్లు ఇంకోపక్కకి పోతాయి, ఇక ఆ తిరుగుడుకి అంతుండదు.

వాలులో బాణం పైన తగులుతోంది

దూరం కొలిచే రేంజ్‌ఫైండర్‌లో, వాలును లెక్కలోకి తీసుకునే యాంగిల్ మోడ్ ఆఫ్‌లో ఉంది, అంతే. 30 డిగ్రీల వాలులో 50 గజాలని చూపిస్తే మీరు వేయాల్సింది 43 గజాలకు.

వాలులో బాణం పక్కకి పోతోంది

దీని దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే దీని చేతిలో నేను ఒక సీజన్ మొత్తం పోగొట్టుకున్నాను. గన్నిసన్ వైపు అడవిలో, కింద లోయలో పోతు ఎల్క్ పక్కకి తిరిగి నిలబడి ఉంది, దూరం 48 గజాలు, గాలి నా ముఖం మీదికి వస్తోంది, ఇంతకంటే మంచి అవకాశం దొరకదు. సైట్ కింద రసమట్టంలో బుడగ సరిగ్గా మధ్యలో ఉందని చూసుకునే వదిలాను. బాణం దాని రొమ్ము ముందు నుంచి పోయి ఆస్పెన్ మొద్దులో దిగింది. నా చేతే వణికిందనుకున్నాను. ఆడలేక మద్దెల ఓడు అనే రకాన్ని కాదు కదా నేను, అందుకే విల్లు మీద అనుమానమే రాలేదు. చలికాలమంతా రోజూ ప్రాక్టీసు చేశాను, చదునులో గురి అద్దంలా కుదిరింది, మళ్ళీ వాలులోకి వెళ్తే మళ్ళీ కుడికే. నిజానికి ఈసారి మద్దెలే ఓడు.

అసలు దోషం సైట్‌లో ఉండే థర్డ్ యాక్సిస్‌ది. సైట్ తలకాయ తలుపు రెక్కలా కొంచెం మీ వైపుకో అవతలికో తిరిగి ఉంటుంది. చదునులో ఆ తేడా బయటపడదు, బుడగ మధ్యలోనే ఉంటుంది. విల్లును కిందికి వంచగానే రసమట్టం అవతలి కొస దిగి, బుడగ మీకు దగ్గరగా ఉన్న కొసకి పోతుంది. మీరేమో బుద్ధిగా బుడగను మధ్యకి తెద్దామని విల్లునే పక్కకి ఒరగబెడతారు. విల్లు ఒరిగిన వైపే బాణం పోతుంది. 6 డిగ్రీల తేడా ఉంటే 30 డిగ్రీల వాలులో విల్లు 3 డిగ్రీలు ఒరుగుతుంది. సెకనుకు 280 అడుగుల బాణానికి 50 గజాల దగ్గర 3 అంగుళాలు పక్కకి పోయినట్టే, ఇంకా దూరమైతే ఇంకా ఎక్కువ. మీ చేతి వణుకు దాని మీద కలుస్తుంది. దీని గుర్తు ఒక్కటే: కిందికి వేస్తే కుడికి, పైకి వేస్తే ఎడమకి, లేదా దీనికి తిరగబడి. రెండువైపులా ఒకేపక్కకి పోతుంటే అది ఇది కాదు, మీ పట్టు చూసుకోండి.

మన జ్యోతి సురేఖ గారు పోటీల్లో వేసేది 50 మీటర్ల చదును మైదానంలో, అక్కడ ఈ తలనొప్పి ఉండదు. యూట్యూబ్‌లో టార్గెట్ ఆర్చరీ చూసి విల్లు సెట్ చేసుకునేవాళ్ళకి ఈ యాక్సిస్ పేరే తెలియదు.

నన్ను ఇంకా మోసం చేసింది ఏమిటంటే, ఇదంతా తెలిశాక ఒక షాపులో సరిచేయించాను. విల్లును బిగించి, లాగకుండానే సెట్ చేసి ఇచ్చారు. కానీ పూర్తిగా లాగినప్పుడు కేబుళ్ళ ఒత్తిడికి, అరచేతి పట్టుకి విల్లు కొంచెం మెలి తిరుగుతుంది. కాబట్టి లాగి పట్టుకునే చూడాలి, అదీ మీ చేత్తోనే.

గ్యారేజీ చాలు. పైకప్పు నుంచి దారానికి బరువు కట్టి వేలాడదీయండి, దారం అడుగున నేల మీద టార్గెట్ బ్యాగ్ పెట్టండి, దారం వెనక గోడకీ ఒక టార్గెట్ ఆనించండి. 7 అడుగుల దూరంలో నిలబడి, బాణం ఎక్కించి, తాడు వదిలే రిలీజ్ ట్రిగర్ మీద వేలు పెట్టకుండా లాగండి. బాణం లేకుండా మాత్రం లాగొద్దు, పొరపాటున జారితే విల్లు పోతుంది. ముందు కంటి ఎత్తులో సైట్‌లోని గురి పిన్నుల వరుసను దారంతో కలపండి. అప్పుడే బుడగ పక్కకి ఉంటే అది సెకండ్ యాక్సిస్, అంటే సైట్ తలకాయ గడియారం ముల్లులా పక్కకి వాలి ఉంది, దాన్ని ముందు సరిచేయండి. తర్వాత అలాగే దారం వెంట కిందికి దిగి బ్యాగ్ దాకా రండి, పిన్నులు దారం మీదే ఉండాలి. ఇప్పుడు బుడగ కుడికి పోయిందంటే సైట్ కుడిపక్క మీకు దగ్గరగా ఉందన్నమాట. విల్లు దించి, థర్డ్ యాక్సిస్ చిన్న స్క్రూ వదులు చేసి, కుడిపక్కను వెంట్రుకవాసి అవతలికి నెట్టి, బిగించి, మళ్ళీ లాగి చూడండి. నాకు నాలుగు సార్లు పట్టింది. కుదిరాక స్క్రూ మీద గోళ్ళరంగుతో గీత పెట్టాను, మా ఆవిడ ఏమీ అనలేదు.

కొత్త సైట్ కొంటుంటే పిన్నులు ఎన్ని అని కాదు, థర్డ్ యాక్సిస్ తిప్పే వీలుందా అని అడగండి. విల్లు మీద డబ్బంతా పోసి, అది లేని చవక సైట్ తగిలిస్తారు, అదే నాకు ఒళ్ళుమండేది.

మిగతావి

చలికోటు వేసుకుంటేనే గురి తప్పుతోందంటే స్ట్రింగ్ చేతికో, ఛాతీ మీది బైనాక్యులర్ పట్టీకో తగులుతోంది, బ్యాగుతో సహా అన్నీ వేసుకుని ప్రాక్టీసు చేయండి. ఎల్క్‌లు మిమ్మల్ని చూడకుండానే పారిపోతున్నాయంటే అది వాసన. పొద్దున్నే గాలి కొండ కిందికి దిగుతుంది, ఎండ ఎక్కాక పైకి లేస్తుంది, దాన్ని బట్టి దారి మార్చండి. విల్లు కొసల్లోని చక్రాల (కామ్) టైమింగ్, విల్లు రెక్క (లింబ్) పగులు అంటారా, అరుదు, షాపులో ఇచ్చేయండి. క్యాంపుకి చేరాక, నాలుగు గంటలు కారులో ఊగిన విల్లు కదా, గోళ్ళరంగు గీత చూసుకుని, వాలు మీద నుంచి ఒక బాణం వేసి చూడండి.